విరిగిన ముక్క

మా చోళపురంలో విమానం అంటే ముందు గుడిలోనిదే గుర్తుకొస్తుంది. గర్భగుడి మీద లేచిన కట్టడాన్ని విమానం అనడం ఈ సీమ వాడుక. ఆకాశంలో పోయేదాన్ని మా అమ్మ గాలిమోటారు అనేది. నా చిన్నప్పుడు పడమటి కొండల మీదుగా ఎప్పుడన్నా సన్నగా మోత వినిపిస్తే, పొయ్యి మీది కూరను కూడా వదిలేసి వాకిట్లోకి వచ్చి, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వెతికేది. కనబడితే దండం పెట్టేది. "లోపల మనుషులుండారు గదరా, చల్లగా దిగాల" అనేది.

ఆ మాట నాకు రెండేళ్ళ కిందట మళ్ళీ జ్ఞాపకం వచ్చింది. నా కొడుకు కూతురు, అప్పటికి ఇరవయ్యేళ్ళు నిండని పిల్ల, విమానం నడపడం నేర్చుకుంటానని ఇంట్లో చెప్పింది. వేరే రాష్ట్రంలో ఒక శిక్షణ బడిలో సీటు కూడా చూసుకుని వచ్చింది. రాజపాళయం చుట్టుపక్కల మాలాంటి ఇళ్ళలో పిల్లలు మిల్లుకో, బ్యాండు గుడ్డ వ్యాపారానికో, బాగా చదివితే మదరాసుకో పోతారు. ఆకాశానికి పోతానన్నవాళ్ళు మా వంశంలో లేరు.

నా ఇల్లాలు రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. "నేల మీద ఇంత చోటుండగా మీదికి ఎందుకు పోవాల?" అని ఒకటే మాట. కొడుకు డబ్బు లెక్కలు వేస్తున్నాడు. కోడలు ఏమీ అనలేదు. నేను కూడా ఏమీ అనలేదు. ఏమీ అనకుండా ఉండటం నాకు పాత అలవాటు. ఎంత పాతదో ముందు ముందు చెబుతాను.

మూడో రోజు రాత్రి కరెంటు పోయింది. అందరం అరుగు మీద కూర్చున్నాం. ఇల్లాలు విసనకర్రతో మనవరాలికి విసురుతూనే, దెబ్బలాట మాత్రం ఆపలేదు.

"పడిపోతే?"

"పడినవాళ్ళ గురించే మొదట నేర్పిస్తారవ్వా" అంది పిల్ల.

"అదేం చదువే తల్లీ! శుభమా అని మొదలుపెట్టేటప్పుడు చావు కబురా?"

అప్పుడు ఆ పిల్ల చీకట్లో ఒక కథ చెప్పింది. కథ కాదు, జరిగిందే. ఆ తర్వాత నేను ఆమె దగ్గరున్న పుస్తకాలు అడిగి తెప్పించుకుని, తెలిసినంతవరకు చదివాను. ఆమె చెప్పినదీ, నేను చదివినదీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

విమానం పుట్టి అప్పటికి అయిదేళ్ళు కూడా నిండలేదు. 1903 డిసెంబరు 17న అమెరికాలో రైటు సోదరులు మొదటిసారి ఎగిరారు. 1908లో ఆ యంత్రాన్ని అమెరికా సైన్యం కొనదలచి, రాజధాని వాషింగ్టన్ పక్కనే ఉన్న ఫోర్ట్ మాయర్ మైదానంలో పరీక్ష పెట్టింది. షరతుల్లో ఒకటి, నడిపేవాడితోబాటు ఇంకొక మనిషిని మోయాలి. అన్న విల్బర్ అప్పుడు ఫ్రాన్సులో ఎగిరి చూపుతున్నాడు. ఇక్కడి పరీక్ష తమ్ముడు ఆర్విల్ చూసుకున్నాడు. ఆయనకు ముప్ఫయ్యేడేళ్ళు. సెప్టెంబరు మొదటి రోజుల్లో ఆయన ఏకబిగిన గంటకు పైగా గాలిలో తిరిగితే జనం నోరు తెరుచుకుని చూశారట.

సెప్టెంబరు 17 సాయంత్రం ఆర్విల్ పక్కన కూర్చున్నది లెఫ్టినెంట్ థామస్ సెల్ఫ్రిడ్జ్. ఇరవయ్యారేళ్ళ కుర్రవాడు. టెలిఫోను కనిపెట్టిన గ్రాహం బెల్ పెట్టిన విమాన సంఘంలో సభ్యుడు, తానే ఒక విమానానికి రూపకల్పన చేసినవాడు. అంటే ఒక రకంగా రైటు సోదరులకు పోటీవాడు. తమ గుట్టు తెలుసుకుని పోతాడేమోనని ఆర్విల్‌కు అతని మీద నమ్మకం లేదు. కాని సైన్యం పంపిన మనిషి, కాదనడానికి లేదు.

ఆ రోజు యంత్రానికి కొత్త ప్రొపెల్లర్లు తగిలించారు, పాతవాటికంటే కొంచెం పొడుగైనవి. ప్రొపెల్లరంటే కొయ్యతో చెక్కిన పంఖాయే. ఇప్పటి చిన్న విమానాలకు ముక్కు దగ్గర ఉంటుంది. వాళ్ళ యంత్రంలో రెండు పంఖాలు రెక్కల వెనక ఉండేవి. సైకిలు చెయిను లాంటి గొలుసుతో ఇంజను వాటిని తిప్పేది. వాటి వెనక చుక్కాని. ఆ చుక్కానిని తీగలతో బిగించి కట్టేవారు.

మైదానం చుట్టూ రెండువేల మందికి పైగా జనం. యంత్రం లేచి మూడు నాలుగు చుట్లు తిరిగింది. నూరడుగులకు పైన ఉండగా ఆర్విల్‌కు వెనక ఏదో చిన్నగా తట్టిన చప్పుడయింది. తిరిగి చూశాడు, ఏమీ కనబడలేదు. దింపేద్దామనుకున్నాడు. అంతలో రెండు పెద్ద దెబ్బలు. యంత్రం ఒక్కసారి వణికింది. ఇంజను కట్టేశాడు. కొంత దూరం జారుతూ వచ్చాక ముక్కు కిందికి తిరిగింది. లివర్లు ఎంత లాగినా మాట వినలేదు. పక్కనున్నవాడు ఆయన మొహంలోకి ఒకటి రెండుసార్లు చూశాడట. నేల దగ్గరయ్యాక మాత్రం గొంతులోంచి చిన్న శబ్దం వచ్చింది.

దుమ్ము అణిగాక ఇద్దరినీ గుడ్డ, కొయ్య, తీగల కిందనుంచి లాగారు. సెల్ఫ్రిడ్జ్ తల ఒక కొయ్య స్తంభానికి కొట్టుకుని పుర్రె పగిలింది. శస్త్రచికిత్స చేశారు. తెలివి రాకుండానే రాత్రి 8 గంటల ప్రాంతంలో పోయాడు. ఇంజనుతో నడిచే విమానంలో ప్రాణం పోగొట్టుకున్న మొదటి మనిషి అతనే. ఆర్విల్‌కు ఎడమ తొడ ఎముక, పక్కటెముకలు విరిగాయి. చెల్లెలు క్యాథరిన్ బళ్ళో పంతులమ్మ. సెలవు పెట్టి రైలెక్కి వచ్చి ఆసుపత్రిలో వారాల తరబడి అన్న మంచం దగ్గరే కూర్చుంది. దూరదేశంలో ఉన్న విల్బర్, తాను దగ్గరుండి ఉంటే ఇలా జరిగేది కాదని తనను తానే తిట్టుకున్నాడు.

"అయ్యో పాపం" అంది మా ఇల్లాలు. "వాళ్ళమ్మ ఎట్లా ఓర్చుకునిందో!"

విసనకర్ర కాసేపు ఆగింది.

నన్ను పట్టుకున్నది ఆ తర్వాతి సంగతి. ఆర్విల్ కోలుకుంటూ ఆలోచించాడు. విరిగిన ముక్కలను పరిశీలించారు. కుడివైపు పంఖా రెక్క ఒకటి నిలువునా చీలింది. చీలిన రెక్కకు తోసే బలం పోయింది, బాగున్న రెక్క లాగేస్తోంది. ఆ కుదుపుకు పంఖా పక్కకు ఊగి చుక్కానిని పట్టుకున్న తీగకు తగిలి, దాన్ని ఊడదీసింది. చుక్కాని వాలిపోయింది. ముక్కు కిందికి పోయింది. ఇంటికి చేరాక నవంబరులో అన్నకు రాసిన ఉత్తరంలో ఇదంతా వరసగా చెప్పాడు.

పాఠకులు ఒక్కమాట గమనించాలి. చచ్చినవాడు నోరు తెరవడు. పైగా పోటీవాడు, నమ్మకం లేని మనిషి, అంతకుముందు ఎక్కినవాళ్ళకంటే బరువైనవాడు. భయపడి ఏదో పట్టుకుని లాగాడనో, కదలగూడని చోట కదిలాడనో ఒక్క ముక్క చెప్పి ఉంటే లోకం నమ్మేది. యంత్రం పేరు నిలిచేది. సైన్యం కొనుగోలు ముందుండగా అలా చెప్పాలని ఎవరికైనా బుద్ధి పుడుతుంది. ఆర్విల్ అలా చెప్పలేదు. చీలినది పంఖా అన్నాడు. ఆ పంఖా తయారుచేసింది తామే. తప్పు తమ చేతి పనిలోనే ఉందని ఒప్పుకున్నట్టే కదా!

మరుసటి సంవత్సరం, 1909లో, ఆయన కుంటుకుంటూ అదే మైదానానికి తిరిగి వచ్చి, మార్చి కట్టిన యంత్రంతో పరీక్ష నెగ్గాడు. సైన్యం 30,000 డాలర్లకు కొన్నది. సెల్ఫ్రిడ్జ్ తలకు గట్టి టోపీ ఉంటే బతికేవాడేమో అన్నారు. అమెరికా సైన్యంలో మొదటి తరం విమానం నడిపినవాళ్ళు తలకు దళసరి టోపీలు పెట్టుకోవడం ఆ తర్వాతి మాట. మనిషి పోయాడు, కాని ఎందుకు పోయాడన్నది పోలేదు.

"అందుకే అవ్వా, మొదట పడినవాళ్ళ గురించి చెప్తారు" అంది పిల్ల. "వాళ్ళు పడినారు కాబట్టి నేను పడకుండా ఉండాల."

కరెంటు వచ్చింది. ఇల్లాలు లేచి లోపలికి పోయింది. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

నిద్ర పట్టకపోవడానికి ఇంకొక కారణం ఉంది. రైటు సోదరుల మొదటి యంత్రం రెక్కలకు కప్పింది మస్లిన్ గుడ్డ. అంటే నూలు. ఆడవాళ్ళ బట్టలకు వాడే సన్న నూలుగుడ్డను అంగడిలో కొని, కుట్టి, కొయ్య చట్రానికి తొడిగారు. నేను నా బతుకంతా నూలుతోనే గడిపినవాణ్ణి. ముప్ఫయ్యారేళ్ళు మిల్లులో. దూది వాసన ఇప్పటికీ నా ముక్కులోనే ఉంది. మా దూదే మనిషిని మీదికి ఎత్తిందని తెలిసి ఒక పక్క సంతోషం. ఇంకొక పక్క, యాభై ఏళ్ళుగా మూతవేసి ఉంచిన సంగతి ఒకటి లేచి కూర్చుంది.

మిల్లు పేరు చెప్పను. అప్పటివాళ్ళెవరూ ఇప్పుడక్కడ లేరు. 1974. కార్డింగు ఖాతాలో నేనూ, చత్రపట్టినుంచి వచ్చే నా జతగాడూ ఒకే షిఫ్టు. వాడు సైకిలు మీద వచ్చేవాడు. మిల్లు సంగు ఊదకముందే గేటు దగ్గర ఉండేవాడు. టిఫిను డబ్బాలో వాడి భార్య పెట్టిన చింతకాయ తొక్కు సగం నాదే.

కార్డింగు మిషనులో దూది లోపలికి పోయే చోట రంపపు పళ్ళ ఉరుళ ఒకటి ఉంటుంది. కంటికి పళ్ళు కనబడనంత వేగంగా తిరుగుతుంది. దాని మీద ఇనప మూత. మా మిషనుకు ఆ మూత బందు విరిగి మూడు వారాలయింది. తీగతో కట్టి నడుపుతున్నాం. చెప్పాం. నెలాఖరు పోనీ, ఇప్పుడు మిషను ఆపితే లెక్క తగ్గుతుందన్నారు. ఒక రాత్రి షిఫ్టులో తీగ తెగింది. మూత జారింది. కింద చెత్త తీస్తున్న వాడి చెయ్యి మోచేతిదాకా పోయింది. మదురై ఆసుపత్రిలో మూడో రోజు ప్రాణం పోయింది. చత్రపట్టిలో నేసే బ్యాండు గుడ్డ లోకమంతటా గాయాలకు కట్టు కడుతుంది. ఆ ఊరివాడి చేతికి ఎంత గుడ్డ చుట్టినా నెత్తురు ఆగలేదు.

విచారణ అన్నారు. ఒక కాగితం తెచ్చారు. నడుస్తున్న మిషనులో కార్మికుడు అజాగ్రత్తగా చెయ్యి పెట్టినందువల్ల అని రాసి ఉంది. సాక్షిగా నన్ను సంతకం చెయ్యమన్నారు. నాకప్పుడు పెళ్ళయి ఏడాది, చేతిలో బిడ్డ. చేశాను. మరునాడు పొద్దున మిషనుకు కొత్త మూత వచ్చింది. విరిగిన బందు, తెగిన తీగ పాత ఇనుము కుప్పలోకి పోయాయి. వాటిని ఎవరూ చేతిలోకి తీసుకుని చూడలేదు. మిగతా మిషన్ల మూతలు ఎలా ఉన్నాయో కూడా ఎవరూ చూడలేదు.

తలరాత అన్నారు అందరూ. నేనూ అన్నాను. తలరాత అనేది చాలా వాటంగా ఉండే మాట. అది అన్నాక ఇక ఏ బందునూ వెతకనక్కరలేదు.

పాత విమానాల కథలు చదువుతూ పోతే ఈ తలరాత మాట వాళ్ళకూ కొత్త కాదని తెలిసింది. మన దక్షిణాది కథే ఒకటి ఉంది. మన సీమలో విమానం మోజు ముందే మొదలయింది. 1910లోనే మద్రాసు మౌంట్ రోడ్డులో హోటలు నడిపిన డాంజెలిస్ అనే ఆయన సింప్సన్ కంపెనీవాళ్ళ చేత విమానం కట్టించి ఎగిరాడు. తర్వాత 1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా కరాచీలో టపా సంచులు వేసుకుని, ఒక్కడే చిన్న విమానం నడుపుకుంటూ అహ్మదాబాదు మీదుగా బొంబాయి వచ్చాడు. అక్కడినుంచి నెవిల్ విన్సెంట్ అనే ఆయన ఆ టపాను బళ్ళారి మీదుగా మద్రాసుకు చేర్చాడు. మనలాగే రాష్ట్రం గీతకు అవతల పడిన తెలుగువాళ్ళు ఎందరో ఉన్న ఊరు బళ్ళారి. ఆ ఊరి మైదానంలో దిగిన ఆ విమానం పేరు పుస్ మాత్. దాని రెక్కలూ కొయ్య చట్రం మీద గుడ్డ కప్పినవే.

ఆ రోజుల్లోనే అదే రకం విమానాలు గాలిలో రెక్కలు ఊడి పడిపోతున్నాయి. 1930 అక్టోబరులో ఆస్ట్రేలియాలో ఒకటి. 1931 మేలో దక్షిణాఫ్రికా కొండల మీద ఒకటి. తర్వాత ఇంకొన్ని. గాలి చెడ్డది, వాతావరణం బాగాలేదు అని సరిపెట్టుకోవడానికి ప్రతిసారీ వీలుంది. కాని ఇంగ్లండులో ఇంజనీర్లు వదలలేదు. ముక్కలు ఏరి తెచ్చారు. నమూనాలు చేసి గాలి సొరంగంలో పెట్టి ఊపి చూశారు. కుదుపు గాలిలో రెక్కను మోసే ముందు ఊతకడ్డీ వంగిపోతోందని, దానితో రెక్క అల్లాడి విరుగుతోందని తేల్చారు. ఆ కడ్డీని గట్టిపరిచారు. పుస్ మాత్ విమానాలు ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు ఎగిరాయి.

ఒక చిన్న ఊతకడ్డీ. మా మిషనుకు ఒక చిన్న బందు. తేడా ఎక్కడుందంటే, అక్కడ ఎవరో వంగి ముక్కను ఏరారు. ఇక్కడ నేను వంగలేదు.

మనవరాలు శిక్షణకు పోయింది. ఇల్లాలు చివరికి ఒప్పుకుంది. పసుపు గుడ్డలో రూపాయి ముడుపు కట్టి కొండ కింద అయ్యనారుకు మొక్కుకుంది. ఆ ముడుపు ఇంకా దేవుడి గూట్లోనే ఉంది, పిల్ల చదువు ముగించి వచ్చాక తీర్చాలట.

ఆరు నెలల కిందట ఒక సాయంత్రం ఫోను చేసింది.

"తాతా, ఈ పొద్దు నేను ఎగరలా."

"ఏమ్మా, వానా?"

"లేదు తాతా. ఎక్కే ముందు చుట్టూ తిరిగి చూసుకోవాల గదా. రెక్క కింద ఒక చోట సన్నగా పగులు మాదిరి కనిపించింది. గీతేమో అనుకున్న్యా. తడిమి చూస్తే పగులే. నేను ఎక్కనని చెప్పినా."

"ఏమన్నారు?"

"ఒకాయన విసుక్కున్న్యాడు, రోజు పాడయిపాయ అని. నేను పుస్తకంలో రాసేసినా. రాస్తే ఇంక దాన్ని బాగు చేసిందాకా ఎవరూ ఎక్కకూడదు."

"ఎవరి సంతకం?"

"నాదే తాతా."

ఫోను పెట్టేశాక చాలాసేపు అరుగు మీదే కూర్చున్నాను. ఇరవై ఒక్కేళ్ళ పిల్ల చేసిన సంతకం ఒకటి, ఇరవై ఎనిమిదేళ్ళ వయసులో నేను చేసిన సంతకం ఒకటి. రెండూ ఒకే ఇంటి సంతకాలు.

మరుసటి రోజు బస్సెక్కి చత్రపట్టి పోయాను. వాడి ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. వీధి పొడుగునా మగ్గాల చప్పుడు. వాడి భార్య ముసలిదయిపోయింది, నాలాగే. నన్ను గుర్తుపట్టింది. కూర్చోమని మజ్జిగ ఇచ్చింది. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. గ్లాసు కింద పెట్టి, మూత బందు విరిగిన సంగతినుంచి సంతకందాకా చెప్పేశాను. మధ్యలో ఆగితే మళ్ళీ చెప్పలేనని భయం.

ఆమె ఏడవలేదు, తిట్టలేదు. "బందు విరిగిన మాట ఆయన ముందు వారమే ఇంట్లో చెప్పినాడు" అంది. "తీగతో కట్టినాము, ఎప్పుడు తెగుతాదో అన్నాడు. నాకు తెలుసు. నీకూ తెలుసని నాకు తెలుసు. నువ్వు వస్తావని చూస్తి."

యాభై ఏళ్ళు చూసింది. రాజపాళయంనుంచి చత్రపట్టికి బస్సులో ఎంతసేపు!

లేవబోతుంటే ఆమె ఒక మాట అడిగింది. "ఇదంతా ఒక కాగితం మీద రాసి ఇయ్యి. వాళ్ళ నాయన చూసుకోకుండా చెయ్యి పెట్టినాడనే మా పిల్లోళ్ళు ఇప్పటిదాకా అనుకుంటా ఉండారు. వాళ్ళ పిల్లోళ్ళకూ అదే చెప్తా ఉండారు, మీ తాత మాదిరి ఏమరుపాటుగా ఉండద్దు అని."

ఆ మాట నాకు తగిలినట్టు ఇంకేదీ తగలలేదు. నేను సంతకం చేసింది ఒక కాగితం మీద అనుకున్నాను. అది మూడు తరాల మీద పడింది.

అక్కడే కూర్చుని రాసి ఇచ్చాను. బందు విరిగిన సంగతి, తీగ కట్టిన సంగతి, చెప్పినా మార్చని సంగతి, వాడు జాగ్రత్త గల పనివాడన్న సంగతి. కింద నా సంతకం, తేదీ. ఆ పిల్లలు ఇంట్లో తెలుగే మాట్లాడతారు గాని చదవడం రాదు. అందుకని ఆ కాగితం తమిళంలో రాశాను.

ఇది తెలుగులో రాశాను. ఈ పత్రిక చదివే ఇళ్ళలోనూ మిల్లుకు పోయేవాళ్ళు, మగ్గం మీద కూర్చునేవాళ్ళు, బండి నడిపేవాళ్ళు ఉంటారు. మీ దగ్గర ఏదైనా విరిగితే, ఎవరైనా పడితే, దండం పెట్టండి, ఏడవండి. ఆ తర్వాత వంగి ఆ ముక్కను చేతిలోకి తీసుకోండి.